కొత్త దీపాల సలాము

ఎమ్రిస్ లారీ కోసం వెళ్లాడని పబ్బు నడిపే మెన్నా చెప్పగానే నేను గట్టిగా నవ్వాను. సంతలో పొట్టేళ్ల వేలం వేసే గొంతు నాది, నవ్వితే బారు వెనక వేలాడే గ్లాసులు కూడా గలగలమంటాయి. "ఎట్టకేలకు బుద్ధొచ్చిందన్నమాట, ఆ డొక్కు కారును లారీ మీద ఎక్కించి పంపించేస్తున్నాడా?" అన్నాను. నా కారు గుడ్డ టాపుకున్న చిల్లుల్లోంచి ఇరవై మైళ్ల దారంతా చలిగాలి చెవుల్లో దూరి కాపురం పెట్టింది, సగం మాటలే లోపలికి వస్తున్నాయి. మెన్నా బీరు పంపు వదిలేసి బారు మీదికి వంగి, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పింది. "లారీ కాదు మహానుభావా, లాటరీ. మీ సంఘం లాటరీ చీట్ల పుస్తకం ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. తెచ్చుకుంటానని ఆరున్నరకి మళ్లీ వెళ్లాడు. ఆనకట్ట దగ్గర నీకు ఎదురుపడే ఉంటాడే." నడుమ ఉన్న ఒక్క 'ట' గాలికి కొట్టుకుపోయిందన్నమాట. "ఎదురుపడటమేంటి, మూడుసార్లు లైటు కొట్టి సలాం కూడా చేశాడు" అన్నాను. బారులో ఉన్న ఇరవై మందీ నవ్వారు. గోడ గడియారంలో ఆరూ నలభై అయిదు.

ప్రతి నెలా మొదటి బుధవారం 'మూడు గొర్రెలు' అనే ఈ పబ్బులో మా పాత కార్ల సంఘం కూడుతుంది. కొండల నడుమ ఈ లోయలో సెల్‌ఫోను పలకదు, మేం తప్ప ఎవరూ పలకరు. నా కారుకు యాభై మూడేళ్లు, నాకు యాభై అయిదు, ఇద్దరికీ ముందు భాగమే ముచ్చటగా ఉంటుంది, వెనక అంతా తుప్పు. ఇద్దరే పట్టే ఎర్రకారు, నేల మీద పాకే పురుగులా కిందికి ఉంటుంది. దాని పాత దీపాలు దీపాలు కావు, దీనాలు. చీకట్లో దారి చూపించేవి కావు, దారికి మేం ఉన్నామని చూపించేవి, అంతే. పోయిన ఆదివారం వాటిని పీకేశాను. గాజూ బల్బూ ఒకే ముద్దగా అతికించి చేసిన పాతకాలపు సరుకు, బల్బొక్కటే మార్చడానికి వీల్లేదు, గాజుతో సహా మార్చాలి. మార్చి, స్విచ్చి కాలిపోకుండా కొత్త వైరు లాగి, షెడ్డు తలుపు తెరిచి మీట నొక్కితే ఎదురు కొండ మీద పొలం కంచె కర్రలు లెక్కపెట్టుకోవచ్చు. బల్బు మారితే మనిషిలో బలుపు కూడా మారుతుందని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు, ఈ బల్ల దగ్గర, మొదటి బీరు నురగ దిగకముందే అదంతా అందరికీ చెబుతున్నాను. దారిలో ఎంతమంది మెచ్చుకున్నారో చెబుతున్నాను. బడి బస్సు ఒకసారి లైటు కొట్టింది, పాల ట్యాంకరు రెండుసార్లు కొట్టింది, ఉత్తరాల వ్యాను కొట్టింది, ఎవరిదో గడ్డి ట్రాక్టరు సైతం కొట్టింది. కళ ఉన్న కారుకు కన్నుకొట్టని వాడెవడు అంటున్నాను. నవ్వుతున్నారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతున్నాను. ఏడయింది.

ఏడయిందంటే ఎమ్రిస్ రావాలి. వాడిల్లు ఆనకట్ట అవతలే, పోవడానికి పది నిమిషాలు, రావడానికి పది, చీట్ల పుస్తకం ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడానికి ఇంకో అయిదు. వాడు వెతికేవాడు కాడులే, ప్రతి వస్తువుకూ ఓ మేకు, మేకు పక్కన పేరు రాసిన చీటీ, అలాంటి మనిషి. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఈ కారు కొనేటప్పుడు కిందికి దూరి, గంటసేపు బయటికి రాకుండా అడుగంతా సుత్తితో కొట్టి చూసినవాడు. కాళ్లు మాత్రం కనబడుతున్నాయి, లోపలినుంచి మాటలు. "కొనొద్దు. ఇది కారు కాదు, తుప్పుకి రంగేశారు." కొన్నాను. మర్నాడే వచ్చి వెల్డింగు మొదలుపెట్టాడు, ముప్పై మూడేళ్లయినా ఆ వెల్డింగు ఊడలేదు. ఆ తర్వాతి వేసవిలో అదే కంపెనీ అదే ఏడాది చేసిన కారు తనూ కొన్నాడు, ఆకుపచ్చది. ఒకే రకం కారున్నవాళ్లు దారిలో ఎదురుపడితే లైటు కొట్టి చెయ్యెత్తాలి, అది మా మతం. ఎదుటివాడెవడో తెలియక్కర్లేదు, కారు తెలిస్తే చాలు. దేశం ఆ చివర్నుంచి ఈ చివరికి పోయేటప్పుడు అలాంటి ముక్కూమొహం తెలియని సలాములు ఎన్ని తీసుకున్నానో, ఒక్కో సలాముకు పది మైళ్లు అలసట తగ్గేది.

పొయ్యి పక్క బల్ల దగ్గర ఇద్వాల్ తన గొర్రెమాంసం పులుసులోని ఉల్లికాడలను ఓ పక్కకి ఏరిపెడుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, నలభై ఏళ్లు బళ్లకు ఏటేటా యోగ్యతా పరీక్ష చేసి రిటైరైనవాడు, ఇప్పటికీ ఎవరైనా నడిచొస్తుంటే ముందు చక్రాలు వంకరగా ఉన్నాయేమోనన్నట్టు కాళ్లకేసి చూస్తాడు. చెంచా ఎత్తి నావైపు చూపించాడు. "అబ్బాయ్, ఇందాక ఏమన్నావ్? ఎమ్రిస్ లైటు కొట్టాడా?"

"కొట్టాడండీ. మూడుసార్లు."

"వాడు కొట్టడే" అన్నాడు ఇద్వాల్. "ఎవరికీ కొట్టడు. ఆర్పితే మళ్లీ వెలుగుతుందన్న నమ్మకం లేదంటాడు ఆ దీపాల మీద. పదేళ్లుగా చెయ్యెత్తడమే తప్ప లైటు ముట్టుకోగా నేను చూడలా." అని పులుసులోకి తిరిగి వెళ్లిపోయాడు. తనేదో చెప్పానని కూడా అనుకోలేదు. బల్ల దగ్గరి వాళ్లు నవ్వారు. నేను గ్లాసు కింద పెట్టాను.

నిజమే, కొట్టడు. నాకు తెలియదా? నాకే కదా చెప్పాడు మొదట. అయితే ఆ మూడుసార్లు ఏమిటి? ఆనకట్ట దాటగానే దారి ఎడమకు తిరుగుతుంది, అక్కడ రెండు చిన్న పసుపుపచ్చటి దీపాలు, నేలకు దగ్గరగా, నా కారు కళ్లలాంటి కళ్లే. మనవాడెవడో అనుకున్నాను. ఆరి వెలిగాయి. మళ్లీ ఆరి వెలిగాయి. మూడోసారి ఆరి ఒక క్షణం ఎక్కువే ఆరి ఉండి, వెలిగాయి. ఎంత ప్రేమరా అనుకున్నాను. సలాముకు సలాము ఇవ్వకపోతే మా మతం ఒప్పుకోదు కదా, మీట లాగి పూర్తి వెలుగు కొట్టాను, చెయ్యెత్తాను, కిటికీ బిగించుకుని కూడా ఏదో అరిచాను, ఏమరిచానో గుర్తుంది, గుర్తు తెచ్చుకోను. ఆ వెలుగులో ఒక ముఖం కనబడింది. ముఖం కాదు, ముఖానికి అడ్డం పెట్టుకున్న చెయ్యి. ఎత్తిన చెయ్యి అనుకున్నాను. ఎత్తిన చేతికీ అడ్డం పెట్టుకున్న చేతికీ తేడా ఎంత, రెండు జానలు. డిప్పు కొట్టాల్సిన చోట నా డప్పు కొట్టుకున్నాను. కానీ అంతకుముందు డిప్పులోనే ఉన్నానే, ప్రమాణం చేసి చెప్పగలను, ఊరు దాటినప్పటి నుంచి దీపాలు దించే ఉంచాను. దించిన దీపానికి ఎవడైనా మూడుసార్లు కొడతాడా? బడి బస్సు ఎందుకు కొట్టింది? పాల ట్యాంకరు? పాల ట్యాంకరు డ్రైవరుకు నా కారంటే ఏం ప్రేమ, ఏనాడైనా పలకరించాడా? ఏడూ పదిహేను.

మలుపు దాటాక వెనక అద్దంలో చూశాను. ఎర్ర దీపాలు లేవు. మలుపు కదా, కనబడవులే అనుకున్నాను, ఓ పాటేదో ఈల వేసుకున్నాను. కానీ నేను వచ్చిన వైపు ఆనకట్ట అర మైలు తిన్నగా ఉంటుంది. దాని మీద పోయే కారు ఎర్ర దీపాలు ఇవతలి దారి మీంచి కనబడుతూనే ఉంటాయి, గ్లాసులో మునిగిన నిప్పు కణికల్లా నీళ్లలో కూడా కనబడతాయి, వందసార్లు చూశాను. ఇవాళ నీళ్లలో ఏమీ లేదు. ఒక పక్క నీళ్లు, మోకాలెత్తు గోడ. రెండో పక్క ఫెర్న్ పొదలు, పొదల వెనక వాగు. ఎటు తిప్పి ఉంటాడు? నీళ్లవైపు కాదు, వాడు ఎడమవైపు నడిపేవాడు, ఎడమ పక్క ఏముంటుంది వాడు పోయే దిశలో? బల్ల మీద వేలితో గీసి చూశాను, బీరు తడితో ఆనకట్ట, బీరు తడితో మలుపు. వాడి ఎడమ పక్క వాగు. వాగే. నీళ్లు కాదు. వాగులో నవంబరులో నడుము లోతు ఉంటుంది, బండి తిరగబడితే ఆ లోతు చాలు. వేలితో చెరిపేశాను.

"ఏంటి గొరోన్వి, మాట పడిపోయిందే? వేలంపాట వాళ్లకి వారంలో ఒక రోజు సెలవా?" మెన్నా అంది. నవ్వాను. "ఎమ్రిస్ ఇంటికి ఫోన్ చేశావా?" అన్నాను, ఏదో ఊరికే అడిగినట్టు. బారు ఫోనుతో చేసిందట, ఎవరూ ఎత్తలేదట, వాళ్లావిడ బుధవారం చర్చిలో పాటల సాధనకు వెళ్తుందట. "వస్తాడ్లే. ఆ దీపాలతో వాడు కారు నడపడు, తడుముకుంటూ నడుస్తాడు" అంది. ఇది నా జోకే. నేను చేసిన జోకే నాకు తిరిగి వడ్డిస్తోంది.

లేవాలి. లేచి చెప్పాలి. ఏమని? నాకు సలాములు కొట్టారని మీ అందరికీ చెప్పానే, అవి సలాములు కావు, తిట్లు అని. లేచాను, టాయిలెట్ దాకా వెళ్లి వచ్చి కూర్చున్నాను. అసలు ఏమీ జరగలేదేమో, పుస్తకం దొరకలేదేమో, టీ పెట్టుకున్నాడేమో. పదిహేనేళ్ల వయసులో మేమిద్దరం బ్యాటరీ దీపం పట్టుకుని కుందేళ్ల వేటకు పోయేవాళ్లం ఆ వాగు పక్కనే. దీపం నా చేతిలో ఉండేది, ఎప్పుడూ నా చేతిలోనే. వెలుగు ముఖాన పడగానే కుందేలు పరుగెత్తదు, బిగుసుకుపోతుంది, పరుగెత్తడానికి కావలసినంత చీకటి చుట్టూ ఉన్నా సరే. ఛీ, ఇప్పుడెందుకు ఇది? పోయిన బుధవారం కదా వాడు షెడ్డుకొచ్చింది. కొత్త దీపాలింకా డబ్బాలో ఉన్నాయి. "బిగించాక ఒకసారి ఇద్వాల్‌కి చూపించరా, వెలుగు ఎక్కడ పడుతోందో ఆయన యంత్రం పెట్టి చెబుతాడు" అన్నాడు. నలభై ఏళ్లు దాటిన కారుకు పరీక్ష అక్కర్లేదని ప్రభుత్వమే వదిలేస్తే నువ్వేంట్రా పెద్ద ప్రభుత్వం అన్నాను. వాడు గడపలో నిలబడి, "పరీక్ష లేనిది కారుకి. ఎదురొచ్చేవాడికి ఉంటుంది" అన్నాడు. దానికి కూడా ఏదో అన్నాను. వాడు నవ్వలేదు, నేను రెండోసారి అన్నాను నవ్వుతాడేమోనని. హెడ్‌లైటు వెలిగించడానికి ఆదివారమంతా పట్టింది, హెడ్డులో లైటు వెలగడానికి బుధవారం రాత్రి ఏడున్నర దాకా పట్టింది.

ఏడున్నర. వాడు వెళ్లి గంట. వెళ్దామంటే నా కారే దిక్కు, ఆ దీపాలే దిక్కు, దారిలో ఇంకెవడు ఎదురొస్తాడో. ఇంకొకరి కారులో వెళ్లాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. రోజుకు ఆరొందల గొర్రెల మీద ఊపిరాడకుండా మాట్లాడేవాణ్ని, ఆ ఒక్క వాక్యాన్ని వేలానికి పెట్టలేకపోతున్నాను. వాడు వాగులో ఉంటే ఈ నిమిషం ఖరీదెంత? ఈ నిమిషం? తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను. నిలబడ్డాను. ఈసారి కూర్చోలేదు. "ఇద్వాల్ గారూ, మీ కారు ఒకసారి..." అంటుండగా తలుపు తెరుచుకుంది.

ఎమ్రిస్. తొడల దాకా బురద, ఎడమ కనుబొమ్మ మీద చీరుకుని ఆరిన రక్తం, చేతిలో లాటరీ చీట్ల పుస్తకం ప్లాస్టిక్ సంచిలో భద్రంగా. వెనక ఎవరిదో ట్రాక్టరు వెళ్లిపోతున్న చప్పుడు. నేను నా కుర్చీ వాడి వైపు లాగాను. మెన్నా తువ్వాలు తెచ్చింది, ఎవరో బ్రాందీ తెచ్చారు. వాడు బ్రాందీ పక్కకు జరిపి టీ అడిగాడు. "కారు వాగులో ఉంది" అన్నాడు. "పక్కకి ఒరిగింది. ముందు రెక్క నలిగిపోయింది, ఇరుసు సంగతి పొద్దున చూడాలి. తలుపు పైకి వచ్చింది, బతికాను. నడుచుకుంటూ ఇంటికి పోయి పుస్తకం తీసుకుని మళ్లీ నడిచాను, సగం దారిలో ట్రాక్టరు దొరికింది."

"ఇంటికి పోయినవాడివి ఫోన్ చేయొచ్చుగా" అంది మెన్నా.

"చేతులు వణుకుతున్నాయి, నంబరు పడలేదు." కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆ పశువుల డాక్టరమ్మాయి. మాబ్లి. ఆనకట్ట మలుపులో ఎదురొచ్చింది. ఈ లోయలో అంత తెల్లటి దీపాలు ఇంకెవరికున్నాయి? మూడుసార్లు కొట్టాను దించమని. దించకపోగా పూర్తిగా ముఖాన కొట్టింది. కనీసం ఆగలేదు."

గది అంతా ఒక్కసారి లేచింది. నాకు తెలిసిందే, ఆమె దీపాల గురించి ఎన్ని మాటలు, ఆవుకు రోడ్డు మీదే ఆపరేషన్ చేసేంత వెలుగని పోయిన నెల ఇదే బల్ల దగ్గర ఎవరన్నారు? నేనన్నాను. పడీపడీ నవ్వారు. అందుకే ఇప్పుడు ఒక్కరికీ అనుమానం రాలేదు, ఆమె ఎత్తయిన బండి దీపాలకూ నేలబారు కారు దీపాలకూ తేడా ఉందేమోనని ఒక్కరూ అడగలేదు, ఇందాక నేను చెప్పుకున్న మూడు సలాముల మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఇరవై ఏడేళ్ల పిల్ల, వసంతంలో వచ్చింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఇప్పటికే రెండు ఫిర్యాదులు, మూడోదొస్తే పెట్టె సర్దుకోమన్నాడట ఆసుపత్రి యజమాని. మెన్నా అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది, ఆ యజమాని ఇంటి నంబరు ఆమెకు నోటికొచ్చు. ఒకటి, రెండు, మూడు అంకెలు. చూడు, ఎంత సులువు. ఎమ్రిస్ బతికాడు, నా పేరెక్కడా లేదు, నేను చేయాల్సిందల్లా జీవితంలో ఒక్కసారి నోరు మూసుకోవడం, అందరూ చాలాకాలంగా కోరుకుంటున్నదే. దీపాలు రేపు పొద్దున పీకేస్తాను, వాడి కారు రెక్క నేనే చేయిస్తాను, జీవితాంతం వాడి కారు ఖర్చు నాదే. నాలుగో అంకె.

"మెన్నా, ఫోన్ పెట్టేయ్. అది నేను" అన్నాను.

ఒక్కసారిగా నవ్వు. నిజంగా నవ్వారు. ఒకడు బల్ల కూడా చరిచాడు. ఎమ్రిస్ మాత్రం కప్పులోకి చూస్తూ, "ఇవాళొద్దురా గొరోన్వి. తల పగిలిపోతోంది" అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్లు ప్రతి మాటకూ ఓ తోక తగిలించి వదిలాను, ఇవాళ తోక లేని మాట చెబితే ఎవరూ గుర్తుపట్టడం లేదు. "జోకు కాదు" అన్నాను, ఇంకా నవ్వారు. నేను ప్రతి జోకుకు ముందూ చెప్పే మాటే అది. మెన్నా వేలు ఇంకా ఫోను మీదే ఉంది. ఇక మాటలతో పని కాదని తలుపు తీసి బయటికి నడిచాను. వెనక చలిగాలి కొట్టి ఎవరో తిట్టారు. కారు తిప్పి పబ్బు సున్నపు గోడకు ఎదురుగా పెట్టి, దీపాలు వెలిగించి, దించే ఉంచి, హారన్ మీద చెయ్యి వేసి తీయలేదు, అందరూ బయటికి వచ్చేదాకా.

తెల్ల గోడ మీద వెలుగు. ఎడమ పక్క నేలబారుగా, చాప పరిచినట్టు. కుడి పక్క మాత్రం మెట్టులా పైకి లేచి, సరిగ్గా ఎదురొచ్చే కారులో మనిషి కూర్చునే ఎత్తులో నిలబడింది. ఇద్వాల్ పులుసు చెంచా చేతిలోనే ఉంచుకుని వచ్చాడు. గోడ చూశాడు. ముందుకొచ్చి, మోకాళ్ల మీద చేతులాన్చి వంగి, కళ్లు చికిలిస్తూ గాజు మీది అచ్చు అక్షరాలు చదివాడు. "ఎక్కడ కొన్నావబ్బాయ్ వీటిని?"

"హాలెండ్ నుంచి తెప్పించానండీ. కంప్యూటర్లో చూసి."

ఆయన నడుం నిలబెట్టుకుని అందరివైపూ తిరిగాడు, నలభై ఏళ్లు బళ్ల వాళ్లకు చెప్పినట్టే చెప్పాడు. "ఇవి కుడివైపు నడిపే దేశాల దీపాలు. దించినప్పుడు వెలుగు రోడ్డు అంచు మీదికి లేవాలి. వాళ్లకి అంచు కుడి పక్క, మనకి ఎడమ. మన గాజు మీద చిన్న బాణం గుర్తుంటుంది, దీనికి లేదు. ఇతను డిప్పులోనే ఉన్నాడు, అబద్ధం చెప్పట్లేదు. ఇతను దించిన ప్రతిసారీ అది ఎదుటివాడి కంట్లోకి పోతుంది. ఆ మూడుసార్లు ఎమ్రిస్ సలాం చేయలేదు, కళ్లు కనబడట్లేదురా అని మొత్తుకున్నాడు. ఆ డాక్టరమ్మకి దీంతో సంబంధం లేదు." మెన్నా గడపలోంచి లోపలికి వెళ్లడం, ఫోను పెట్టేసిన చిన్న చప్పుడు, వినబడ్డాయి. ఎవరూ నవ్వలేదు.

ఎమ్రిస్ గోడ దగ్గరికి నడిచి కుడి మెట్టు వెలుగులో నిలబడ్డాడు. కారులో కూర్చునే ఎత్తుకు మోకాళ్లు వంచాడు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా దీపాలకేసి చూశాడు. లేచి కారు దగ్గరికొచ్చి నా వైపు తలుపు తీశాడు. "దిగు. నువ్వెళ్లి నిలబడు."

వెళ్లి వంగాను. ముందు తెలుపు, ఆ తర్వాత అదీ లేదు. నా కారు లేదు, ఇరవై మంది లేరు, నేల లేదు. ఎటు కదిలితే ఏం తగులుతుందో తెలియక చేతులు రెండూ గాలిలో చాచి అలాగే ఉండిపోయాను. వెలుగు అవతలి నుంచి, ఎంత దూరం నుంచో పోల్చుకోలేకపోయాను, ఎమ్రిస్ గొంతు వినబడింది.

"నేనెక్కడున్నానో చెప్పు."

"తెలియట్లేదురా" అన్నాను.